నీలగిరి మట్టి దాచుకున్న వానలు

జనవరి నెల. నీలగిరుల పడమటి కొసన, ముకుర్తి శిఖరం చుట్టూ అలలు అలలుగా పరుచుకున్న పచ్చికకొండలమీద ఇంకా పొద్దు పొడవలేదు. రాత్రంతా మబ్బుతునక లేని తేట ఆకాశం కింద నేల తన వేడినంతా వదిలేసుకుంది. ఎండి లేతబంగారు రంగుకు తిరిగిన గడ్డిపరకల అంచుల వెంట మంచు గడ్డకట్టి, సన్నటి తెల్లటి నూగై మెరుస్తోంది. తూర్పున మొదట ఊదా, ఆ తర్వాత పలచటి గులాబి, ఆ వెనకే మండే పసుపు. తొలికిరణం ఒక గట్టు నెత్తిన వాలగానే ఆ గట్టంతా వెండివన్నె విడిచి తేనెవన్నెలోకి దిగుతుంది. తర్వాత దాని పక్కది, ఆపైన దాని వెనకది. లోయల అడుగున మాత్రం చలి కదలదు. అక్కడ, కొండల మడతల్లో, ముదురాకుపచ్చగా, దాదాపు నల్లగా, దగ్గరదగ్గరగా ముడుచుకుని షోలా అడవులు నిలబడి ఉంటాయి. గడ్డి మధ్యలో ఒంటరిగా అక్కడొకటి ఇక్కడొకటి వంకర్లు తిరిగిన రోడోడెండ్రాన్ చెట్లు, బెరడు నిండా పగుళ్లు, కొమ్మల చివర నెత్తుటి ఎరుపు పూగుత్తులు. దూరంగా ఒక రాతి అంచుమీద నీలగిరి తార్ మేకల మంద, బూడిదవన్నె దేహాలతో కదలకుండా ఎండ కోసం నిలబడి ఉంది.

గడ్డి ఎక్కడ ఆగుతుందో సరిగ్గా అక్కడే అడవి మొదలవుతుంది. నడుమ పొదలంటూ, చిట్టడవంటూ దాదాపు ఏమీ ఉండదు. ఒక కాలు ఎండలో, ఇంకో కాలు నీడలో పెట్టి నిలబడవచ్చు. లోపలికి అడుగు వేయగానే గాలి ఆగిపోతుంది, వెలుతురు పచ్చబడుతుంది, చెవికి ఎక్కడో సన్నగా పారే నీటి చప్పుడు తాకుతుంది. ఇక్కడి చెట్లు ఆకాశాన్ని అంటేవి కావు. గాలికీ చలికీ ఒదిగి, పొట్టిగా, గుండ్రటి గొడుగు తలలతో, మెలితిరిగిన కొమ్మలతో పెరుగుతాయి. ప్రతి కొమ్మకూ తడి పాచి తొడుగు, ఆ పాచిలో ఫెర్నులు, ఆ ఫెర్నుల నడుమ చిన్న చిన్న ఆర్కిడ్లు. లేతాకులు వేసే రోజుల్లో చెట్ల తలలు ఆకుపచ్చను పక్కనపెట్టి రాగిరంగు, దానిమ్మరంగు, లేత వంకాయరంగు కట్టుకుంటాయి. కింద, రాలిన ఆకుల మెత్తటి దుప్పటిమీద నారింజ రొమ్ము, నల్లటి రెక్కల చిన్న పిట్ట ఒకటి వాలి, తోక ఆడించి, మళ్లీ చీకట్లోకి ఎగిరిపోతుంది.

చూసేవాళ్ల కళ్లు ఆ కొండలమీదా ఆ పిట్టమీదా ఆగిపోవడం సహజం. ఈ కొండల అసలు వింత మాత్రం, నా మటుకు నాకు, పాదాల కిందే ఉంది. అడవి తన చరిత్రను చెట్లలో దాచుకోలేదు. ఇక్కడ చెట్టు ఎంత పాతదైనా కొన్ని వందల ఏళ్లదే. గడ్డి అయితే ఏటా ఎండి ఏటా చిగురిస్తుంది. వేల ఏళ్ల వానలనూ కరువులనూ మంచునూ మంటలనూ మోస్తూ వచ్చింది మట్టి ఒక్కటే.

చేతికందినంత లోతున తవ్వి ఒక గడ్డను విరిచి చూస్తే చాలు, రంగులే ముందు పలకరిస్తాయి. షోలా కింద మట్టి నల్లగా, వదులుగా, వేళ్ల మధ్య తడిగా జారుతుంది. పచ్చిక కింద మట్టి ముదురు గోధుమరంగులో, వెంట్రుకల్లాంటి లక్షల వేళ్ల అల్లికతో గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఇంకా లోతుకు పోతే నలుపు పలచబడి, పసుపు కలిసిన ఎరుపు మొదలవుతుంది. మట్టి శాస్త్రవేత్తలు ఈ రంగులను కంటికి తోచినట్టు రాసుకోరు. బోస్టన్‌లో చిత్రకళ బోధించిన ఆల్బర్ట్ మన్సెల్ 20వ శతాబ్దం మొదట్లో రూపొందించిన రంగుల లెక్కను అనుసరించి తయారైన చిన్న పుస్తకం ఒకటి వాళ్ల సంచిలో ఉంటుంది. పేజీ నిండా రంగుల చదరాలు, ఒక్కొక్క చదరం పక్కన ఒక్కొక్క రంధ్రం. తడిపిన మట్టి గడ్డను ఆ రంధ్రం వెనక పట్టుకుని, ఏ చదరంతో కలిసిపోతుందో చూసి ఆ అంకెలు రాసుకుంటారు. చిత్రకారుడి చూపు నేలను చదవడానికి ఇలా పనికొచ్చింది.

ఆ రంగుల్లో ఒక్కొక్కదానికి ఒక్కొక్క కబురు. నలుపంటే కుళ్లి కలిసిపోయిన ఆకులూ వేళ్లూ. మండే ఎరుపంటే వేడీ గాలీ బాగా తగిలిన ఇనుము. పసుపంటే అదే ఇనుము తేమలో కాలం గడిపినప్పటి రంగు. నీరు నిలిచి గాలి ఆడని చోట ఇనుము తన ఎరుపంతా పోగొట్టుకుని, బూడిదా నీలమూ కలిసిన చల్లటి రంగులోకి జారిపోతుంది. నీటిమట్టం ఏడాదిలో కొన్నాళ్లు పైకీ కొన్నాళ్లు కిందికీ తిరిగే చోట ఆ బూడిదరంగు మట్టి నిండా నారింజ మచ్చలు తుప్పుపువ్వులై విచ్చుకుంటాయి. నేడు ఎండి గరుకుగా ఉన్న నేలలో ఆ నీలిబూడిద పొర కనిపించిందంటే, ఒకనాడు అక్కడ నీళ్లు నిలిచేవని మట్టే చెబుతోంది. మన పల్లెల్లో ఎర్రచెలకకు ఏ పంట, నల్లరేగడికి ఏ పంట, చవుడు తేలిన మడికి ఏ పంట అని చూపుతోనే తేల్చే రైతులకు ఈ భాష కొత్తది కాదు.

తొలకరి పడగానే ఎగసే మట్టివాసన మనందరికీ ప్రాణం. ఆ పరిమళంలో ప్రధానమైనది జియోస్మిన్ అనే పదార్థం. దాన్ని ప్రధానంగా తయారుచేసేవి స్ట్రెప్టోమైసెస్ అనే సూక్ష్మజీవులు. లక్ష కోట్ల వంతుల గాలిలో కొద్ది వంతులున్నా మన ముక్కు దాన్ని పసిగట్టేస్తుంది. ఆ వాసనకు మనకంటే ముందు పరుగెత్తేవి ఉన్నాయి: మట్టిలో గెంతుతూ తిరిగే ఆవగింజంత స్ప్రింగ్‌టెయిళ్లు. అవి ఆ పరిమళం వెంట వచ్చి, ఆ సూక్ష్మజీవులను తిని, వాటి బీజాలను ఒంటికి అంటించుకుని మరో చోటికి మోసుకుపోతాయని 2020లో శాస్త్రవేత్తలు గుర్తించారు. కోట్ల ఏళ్లుగా సాగుతున్న ఈ రహస్య వ్యవహారం మధ్యలో మనిషి ముక్కుకు కూడా కాస్త వాటా దొరకడం ఎంత భాగ్యం!

ఈ మట్టిలోనే, ఎవరి కంటా పడకుండా, ఒక పాము బతుకుతుంది. పెర్రొటెట్ కవచతోక పాము దాని పేరు. వేలి లావు దేహం, చిన్న తల, చుక్కలంత చిన్న కళ్లు, పొట్టి తోక. విషం లేదు, తొందర లేదు. పచ్చిక మట్టిలో సొరంగాలు చేసుకుంటూ, వానపాములను తింటూ, గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లల్ని కంటూ చీకట్లోనే జీవితం గడిపేస్తుంది. భారీ వాన తర్వాత ఎప్పుడైనా పైకి వస్తే, ఎర్రటి గోధుమరంగు పొలుసులమీద ఎండ పడిన క్షణాన ఊదా, నీలం, ఆకుపచ్చ ఒకదాని వెనక ఒకటి పారాడతాయి. జిగట బురదలోనుంచి వచ్చినా ఒంటిమీద మట్టి అంటదు. ఈ జాతి పాముల పొలుసులమీద కంటికి ఆనని సన్నటి చారలు, గీతలు ఉండి బురదను నిలవనీయవు. ఆ చారలే వెలుగును విరిచి ఇంద్రధనుస్సును పరుస్తాయి. వెలుతురు సోకని లోకంలో బతికే జీవికి అన్ని రంగులు ఎందుకిచ్చాడో ఆ సృష్టికర్తకే తెలియాలి.

ఇక లోయల అడుగుకు దిగుదాం. నీలగిరుల ఎత్తైన పల్లాల్లో, చుట్టూ ఉన్న గుట్టల నీరంతా నెమ్మదిగా ఊరి చేరే చోట, చిత్తడి నేలలున్నాయి. పైకి అవి పొడవాటి రెల్లు, నీటిగడ్డి, లేత పసుపు పూలతో మామూలు పచ్చికలానే కనిపిస్తాయి. కాలు పెడితే నేల ఊగుతుంది. అడుగున ఉన్నది పీట్. చలికీ నీటికీ గాలి ఆడక, చచ్చిన గడ్డీ వేళ్లూ పూర్తిగా కుళ్లలేక, ఒకదానిమీద ఒకటి పొరలై పేరుకున్న నల్లటి, మెత్తటి పదార్థం. భూమధ్యరేఖకు ఇంత దగ్గరగా, 11 డిగ్రీల అక్షాంశంలో, కొండలమీద ఇలాంటిది ఏర్పడడమే అపురూపం. పూర్వం ఇళ్లలో అటకమీద ఏటికేడు పేర్చిపెట్టిన పాత పంచాంగాలు గుర్తున్నాయా? పీట్ పొరలు అచ్చం అలాంటివి. తేడా ఒక్కటే: పంచాంగం వాన వస్తుందని ముందే రాస్తుంది, పీట్ వచ్చిన వానను మాత్రమే రాసుకుంటుంది.

ఊటీకి దగ్గరలోని శాండినల్లా లోయలో ఈ పీట్‌ను తవ్వి పొరపొరనూ చదివినవాళ్లలో ఏనుగుల శాస్త్రవేత్తగా పేరున్న ఆర్. సుకుమార్ ఒకరు, అహ్మదాబాద్ ఫిజికల్ రిసెర్చ్ లేబొరేటరీకి చెందిన ఆర్. రమేశ్ మరొకరు. ఏనుగులకూ చిత్తడికీ ఏమిటి సంబంధం? ఏనుగు తన జీవితంలో ఎంత గడ్డి మేసింది, ఎంత ఆకూ బెరడూ తిన్నది అన్నది దాని ఎముకల్లోని కార్బన్ చెప్పేస్తుంది. ఆ చదువు నేర్చినవాళ్లు, ఏనుగు ఎముకలో చదివినదాన్నే నేల పొరల్లో చదవబోయారు. 1993లో ఆ ఫలితం నేచర్ పత్రికలో వచ్చింది.

ఆ చదువులోని కీలకం మన పొలాల్లోనే ఉంది. వరి, కంది, మామిడి ఒక తీరున గాలిని పీల్చి పిండిపదార్థం చేసుకుంటాయి. జొన్న, సజ్జ, చెరకు ఇంకో తీరున. గాలిలోని కార్బన్‌లో తేలికది, కాస్త బరువైనది రెండూ కలిసి ఉంటాయి. వరి తరహా మొక్కలు బరువైనదాన్ని చాలావరకు వదిలేసి తేలికదాన్ని ఏరుకుంటాయి. జొన్న తరహావి అంతగా ఏరుకోవు. అడవి చెట్లన్నీ మొదటి తెగ. ఉష్ణమండలపు పచ్చికలోని ఎండగడ్డి చాలావరకు రెండో తెగ. మొక్క చచ్చి మట్టిలో కలిసినా, రూపం పోయినా, రంగు పోయినా ఆ పాళ్లు మాత్రం మిగిలిపోతాయి. ఒక్క చిటికెడు నల్లమట్టి ఇస్తే చాలు, ఇక్కడ ఒకనాడు నీడ ఉండేదా, ఎండ ఉండేదా అన్నది చెప్పేయవచ్చు.

ఆ పొరలు విప్పితే కళ్లముందు కదిలిన దృశ్యాలు ఎలాంటివి! సుమారు 20,000 ఏళ్ల కిందట భూగోళపు ఉత్తర భాగాలమీద కిలోమీటర్ల మందాన మంచుపలకలు కూర్చుని ఉన్నాయి. సముద్రం 120 మీటర్ల లోతుకు దిగిపోయింది. నేడు మచిలీపట్నం చేపపడవలు తిరిగే చోట అప్పుడు పొడినేల. గాలిలో బొగ్గుపులుసు వాయువు నేటిదానిలో సగానికంటే తక్కువ. నైరుతి రుతుపవనం నీరసించి, అరకొరగా వచ్చి పోయేది. ఆనాటి నీలగిరులను ఊహించండి. ఈ చివరనుంచి ఆ చివరదాకా గడ్డి, పొడి గాలికి రాగిరంగు అలలై వంగి లేచే గడ్డి. చలితో నీలం తేలిన ఆకాశం. కొండ పగుళ్లలో ఎక్కడో కాస్త తడి దొరికిన చోట బిక్కుబిక్కుమంటూ దాక్కున్న నాలుగు షోలా చెట్లు. పీట్‌లోని ఆ పొర ఆద్యంతం ఎండగడ్డి జాడే.

తర్వాత మంచు కరిగింది. రుతుపవనానికి మళ్లీ ఊపిరొచ్చింది. అరేబియా సముద్రం మీదుగా నల్లటి మబ్బులు కొండ అంచులకు కొట్టుకుని ఏళ్లకు ఏళ్లు కుండపోతగా కురిశాయి. పొరల్లో కార్బన్ పాళ్లు అడవి వైపు, తడినేల మొక్కల వైపు తిరిగాయి. సుమారు 11,000 ఏళ్ల కిందట ఆ తడి పరాకాష్ఠకు చేరింది. పాచి పట్టిన కొమ్మలు లోయ దాటి గట్టు ఎక్కాయి. మరి కొన్ని వేల ఏళ్లకు, 6,000 నుంచి 3,500 ఏళ్ల కిందటి నడుమ, వాన మళ్లీ వెనకడుగు వేసింది. గడ్డి మళ్లీ దిగివచ్చింది. 1997లో ఇంకో పరిశోధన ఈ కథను 40,000 ఏళ్ల వెనక్కి తీసుకుపోయింది. అడవి ముందుకు, గడ్డి వెనక్కు. గడ్డి ముందుకు, అడవి వెనక్కు. ఒక్కొక్క ఊపు వేల ఏళ్లు పట్టే ఊయల అది.

ఈ ఊయలను చూశాకే ఒక పాత వాదన చల్లబడింది. మనుషులు అడవులు నరికి, తగలబెట్టి, పశువుల్ని మేపడంవల్లే ఈ పచ్చిక ఏర్పడిందని, అది దెబ్బతిన్న అడవేనని చాలాకాలం చెప్పుకున్నారు. ఈ కొండలమీద మనిషి గొడ్డలి మోగకముందే గడ్డి ఉందని మట్టి సాక్ష్యమిచ్చింది. ఈ నేలను అంత సులువుగా బంజరని రాసుకున్నవాళ్లు ఒక్కసారి సూక్ష్మదర్శినిలో దాని మట్టిని చూసి ఉంటే బాగుండేది. గడ్డి తన ఆకుల్లో ఇసుక పదార్థంతో కట్టుకున్న సూక్ష్మమైన గాజు రేణువులు మొక్క కుళ్లిపోయాక కూడా మట్టిలో చెక్కుచెదరవు. కొన్ని తెగల గడ్డి రేణువులు నడుమ సన్నబడి, రెండు వైపులా గుండ్రంగా ఉబ్బి, శివుడి చేతి డమరుకం ఆకారంలో ఉంటాయి. వెలుగు కింద పెడితే పారదర్శకంగా, లేత గులాబి నీడతో తళుక్కుమంటాయి. వాటి పక్కనే నల్లగా, అంచులు పదునుగా, పురాతనపు కార్చిచ్చుల బొగ్గు నలుసులు. వేల ఏళ్ల నాటి ఒక ఎండాకాలపు గడ్డి, ఆ గడ్డిని తాకిన నిప్పు, రెండూ గోటిమీద పట్టేంత మట్టిలో!

నీలగిరులది ఒంటరి కథ కాదు. ఆఫ్రికా నడిబొడ్డున కాంగో నది చిత్తడి అడవుల కింద 1,45,500 చదరపు కిలోమీటర్ల మేర పీట్ పరుచుకుని ఉందని, అందులో దాదాపు 3,000 కోట్ల టన్నుల కార్బన్ నిద్రపోతోందని 2017లో లోకానికి తెలిసింది. అయిదేళ్లకు ఆ పీట్‌ను పొరపొరనా చదివితే నడుమ వేల ఏళ్ల భాగమొకటి దాదాపు మాయమై కనిపించింది. ఒకనాడు వానలు తగ్గి, నీటిమట్టం దిగి, పేరుకున్నది తిరిగి కుళ్లి గాలిలో కలిసిపోయిందట. అక్కడ మట్టి లేకపోవడమే కరువుకు గుర్తు.

ఇప్పుడు నీలగిరి మట్టిలో పైపొర మారుతోంది. 19వ శతాబ్దంలో ఆంగ్లేయులు ఆస్ట్రేలియానుంచి తెచ్చిన యూకలిప్టస్, మన తుమ్మకు దూరపు చుట్టమైన నల్ల వాటిల్ ఖాళీ జాగాలని వాళ్లు అనుకున్న ఈ పచ్చికలను నింపడం మొదలుపెట్టాయి. స్వాతంత్ర్యం తర్వాత కాగితానికీ, తోళ్లు పదునుచేసే బెరడుకూ ఆ తోటలు ఇంకా విస్తరించాయి. దక్షిణాన ఉన్న పళని కొండల్లో నాలుగు దశాబ్దాల్లో మూడింట రెండు వంతుల పచ్చిక ఇలాంటి తోటలకూ సేద్యానికీ పోయింది. వాటిల్ పూసినప్పుడు లేత పసుపు పూలతో కొండను కప్పేస్తుంది, చూడ్డానికి అందమే. వేళ్లలోని బుడిపెలతో గాలిలోని నత్రజనిని మట్టిలోకి దింపుతుంది. పేద నేలకు అలవాటుపడిన గడ్డికి ఆ కొత్త సంపద కలిసిరాదు. పచ్చిక నేలలో పైపొర కార్బన్ చెట్ల పాళ్లకు తిరుగుతుంది. రుతుపవనం వేల ఏళ్లలో చేసిన మార్పును గొడ్డలీ నారుమడీ ఒక మనిషి జీవితకాలంలో చేసేస్తున్నాయి. అది చూస్తే నాకు దిగులు వేస్తుంది.

ఈ నల్లమట్టి ఏం పనిచేస్తుందో తెలియాలంటే 2019 ఆగస్టు 8 గుర్తు చేసుకోవాలి. ఆ రోజు ఇక్కడి అవలాంచిలో 24 గంటల్లో 820 మిల్లీమీటర్ల వాన పడింది. అనంతపురం జిల్లాలో ఏడాదంతా పడేదానికంటే ఎక్కువ నీరు ఒక్క పగలూ రాత్రిలో! అంతటి కుండపోతను ఏ నేలా పూర్తిగా తాగలేదు, కొండచరియలు విరిగాయి. మామూలు ఏళ్లలో మాత్రం గడ్డివేళ్లూ పీటూ షోలా ఆకుల దుప్పటీ కలిసి వాననీటిని పట్టుకుని, బొట్టుబొట్టుగా వదులుతూ, పైకారా, మోయారు, భవాని నదులకు ఎండాకాలంలో సైతం ప్రాణం పోస్తాయి. ఈ కొండల ఆదివాసులైన తోడా జనం తమ పీపా ఆకారపు గుడుల పైకప్పుకు వాడే గడ్డి కూడా ఆ చిత్తడిదే. చిత్తడి ఎండితే ముందుగా తెలిసేది ఆ గడ్డి కోసం వచ్చినవాళ్లకే.

ఊటీకి వెళ్లే తెలుగువాళ్లలో చాలామంది తేయాకు తోటలనూ పైన్ చెట్లనూ చూసి నీలగిరి ప్రకృతి అదేననుకుని తిరిగొస్తారు. అవలాంచి దాటి ఎగువ భవాని వైపు అటవీశాఖ అనుమతించిన మేరకు వెళ్తే అసలు గడ్డి కనిపిస్తుంది. వానలయ్యాక చిత్తడి అంచున వంగి వెతికితే డ్రోసెరా మొక్కలుంటాయి. ఎర్రటి సన్నటి రోమాల చివర జిగురు బొట్లు, ఒక్కొక్క బొట్టులో ఒక్కొక్క చిన్న సూర్యుడు. నత్రజని చాలని పుల్లటి మట్టిలో ఆ లోటును చిన్న పురుగులతో తీర్చుకునే మొక్క అది. అది ఉన్న చోట మట్టి ఇంకా తన పాత పేదరికాన్ని నిలుపుకుందని అర్థం. కొన్ని చోట్ల వాటిల్‌ను తొలగించి ఇక్కడి గడ్డినే దుబ్బులుగా నాటుతున్నారు. వాటిల్ విత్తనం దశాబ్దాల తరబడి మట్టిలో చావకుండా పడి ఉంటుంది, నిప్పు సోకితే ఒక్కుమ్మడిగా మొలుస్తుంది. అందుకే నరికిన చోటనే ఏటేటా తిరిగి వచ్చి మొలకలు పీకాలి. ఇంకో వింత ఏమిటంటే, షోలాకు దగ్గరలోని కొన్ని పాత వాటిల్ తోటల నీడలో, మంచు తగలక, షోలా మొక్కలే మొలుచుకొస్తున్నాయి. ఆ తోటలను నరకాలా, అడవికి వదిలేయాలా అన్నది ఒక్కొక్క గుట్ట దగ్గర ఆగి, అక్కడి మట్టిని చూసి తేల్చుకోవలసిన సంగతి.